పోటీకి ముందు కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్ళాలా, వద్దా?

లాంగ్‌జంప్_కుర్రాడు:
మూడు వారాలుగా నడుము పట్టేసింది. కైరోప్రాక్టర్ (వెన్ను, కీళ్ళను చేత్తో నొక్కి, తోసి వైద్యం చేసేవాడు) పక్కకు పడుకోబెట్టి, పై మోకాలు మడిచి ఒక్క తోపు తోశాడు. టకటకమంది. లేచి వంగితే వేళ్ళు పాదాలకు తగిలాయి! "వెన్నుపూస పక్కకు జరిగింది, సరిచేశా, ప్రతి పోటీకి ముందూ రా" అన్నాడు. మా ఫిజియో వద్దంటోంది. ఎవరి మాట వినను?

మెటికలు:
జరిగిన పూసను చేత్తో తోసి సరిచేయడమేమిటి బాబూ, అదేమన్నా గడప మీంచి జారిన తలుపా? ఆ చప్పుడు మనం మెటికలు విరిస్తే వచ్చేదే. కీలు సాగగానే లోపలి ద్రవంలో పీడనం పడిపోయి వాయువు బుడగ కడుతుంది. 2015లో ఎంఆర్‌ఐలో వేలు లాగుతూ దీన్ని చిత్రీకరించారు కూడా. విరిచిన వేలే వెంటనే మళ్ళీ విరిచి చూడు, మోగదు. సుమారు 20 నిమిషాలు ఆగాలి.

హర్డిల్స్_అక్క:
చప్పుడు ఎక్కడిదైతేనేం, తమ్ముడు వంగగలిగాడా లేదా? 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌కే అమెరికా జట్టు జార్జ్ గుడ్‌హార్ట్ అనే కైరోప్రాక్టర్‌ని వెంటబెట్టుకెళ్ళింది. వాళ్ళంతా అమాయకులా?

మెటికలు:
2016 రియోలో ఈతగాడు ఫెల్ప్స్ భుజాల మీద కప్పింగ్ (చర్మాన్ని కప్పులతో పీల్చే వైద్యం) మచ్చలూ చూశాం. పతకాలు ఆ మచ్చలు తెచ్చాయా? ఛాంపియన్లు చేయించుకున్నారంటే అది పనిచేసినట్టు కాదు. అయినా నడుము విషయంలో మీ మాట పూర్తిగా కొట్టిపారేయను. 2017లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వెన్నును ఇలా తోసే వైద్యం మీద జరిగిన 26 ప్రయోగాలను కలిపి చూశారు. కొత్తగా వచ్చిన నడుము నొప్పి, ఆరు వారాల లోపు, 100 పాయింట్ల కొలత మీద సగటున 10 దాకా తగ్గింది. అంతే! ఏమీ చేయకున్నా చాలామందికి అది కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఇక పరుగు వేగం, దూకే దూరం పెరుగుతాయనడానికి గట్టి ఆధారం లేదు. (1895లో పామర్ ఈ వైద్యాన్ని మొదలుపెట్టిందే ఒకాయన చెముడు పోగొట్టానని చెప్పుకుని. ఆ గొప్పలు పుట్టుకతో వచ్చినవి.)

నా అసలు భయం మెడ. గట్టిగా తిప్పినప్పుడు మెదడుకు వెళ్ళే ధమని లోపొర చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి.

హర్డిల్స్_అక్క:
అరుదు కదా అది. పైగా ధమని ముందే చీలిన మనిషికి మెడనొప్పి వస్తుంది, ఆ నొప్పితోనే కైరోప్రాక్టర్ దగ్గరికి పోతాడు. నేరం ఎవరిదో అంత సులువుగా తేలదు.

మెటికలు:
సరే, ఒప్పుకుంటా. కానీ చీలిన ధమని ఉన్న మెడను తిప్పడం ఇంకా ప్రమాదం కాదా అక్కా?

లాంగ్‌జంప్_కుర్రాడు:
ఫిజియో నిన్న పక్క ప్లాంక్ (పక్కకు తిరిగి మోచేతి మీద ఒళ్ళు ఎత్తి ఆపే వ్యాయామం) చేయించింది. ఎడమవైపు 50 సెకన్లు ఆగాను, కుడివైపు 20కే వణుకు. రోజూ చేయాల్సింది ఇదే అంది. పోటీ ముందురోజు కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్ళనని చెప్పేశా. ఒక మాట చెప్పలేదు: రెండోసారి వెళ్ళినప్పుడు ఆయన నన్ను అడగకుండానే మెడ కూడా తిప్పేశాడు. నడుము కోసం వెళ్ళినవాణ్ణి.

హర్డిల్స్_అక్క:
అడగకుండానా? ఇది మాత్రం నేను వెనకేసుకురాను.