పాత మియాటాలో హోండా కె24 ఎక్కించొచ్చా?

ప్రశ్న:
నా దగ్గర 1991 మియాటా ఉంది, మాజ్డా వాళ్ల చిన్న టూ-సీటర్ స్పోర్ట్స్ కారు, 1.6 లీటర్ ఇంజన్. ముందు ఓనర్ ఆయిల్ సరిగ్గా మార్పించలేదు, ఇప్పుడు నీలం పొగ వస్తోంది, మూడో సిలిండర్ కంప్రెషన్ బాగా పడిపోయింది. బాడీకి మాత్రం ఎక్కడా తుప్పు లేదు, అందుకే వదలబుద్ధి కావట్లేదు. రీబోర్ (సిలిండర్లు కొంచెం పెద్దగా తొలిపించి కొత్త పిస్టన్లు, రింగులు వేయించడం) చేయించాలా, హోండా వాళ్ల 2.4 లీటర్ ఇంజన్ కె24 ఎక్కించాలా? పాతదాని 115 హార్స్‌పవర్ ఎక్కడ, కె24లో కె24ఎ2 రకం ఇచ్చే 200 ఎక్కడ! ఇంజన్ దింపడం, ఎక్కించడం నాకు వచ్చు. వైరింగ్ అంటేనే టెన్షన్.

జవాబు 1:
నేను చేశాను, ఏడాదిన్నర పట్టింది. ఇంజన్ ఒక్కదాన్నే చూసి లెక్కేసుకోకండి. కె24 అడ్డంగా కూర్చోవడానికి చేసిన ఇంజన్, మియాటాలో నిలువుగా పెడితే దాని సంప్ (ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) క్రాస్‌మెంబర్‌కి (కారు కింద అడ్డంగా ఉండే దూలానికి) తగులుతుంది, కాబట్టి సంప్, ఆయిల్ పీల్చే పికప్ గొట్టం రెండూ మార్చాలి. ఇంజన్‌ని గేర్‌బాక్స్‌కి కలపడానికి అడాప్టర్ ప్లేటు కావాలి. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ కొనకి ఆధారంగా ఉండే పైలట్ బేరింగ్ ఆ అడాప్టర్ కిట్‌లో వస్తుందో లేదో కొనేముందే అడగండి. కె24 ఉన్న కె సిరీస్ మిగతా ఇంజన్లు తిరిగే దిక్కులోనే తిరుగుతుంది, అదొక్కటి కలిసొచ్చింది. అంతకుముందు బి సిరీస్ హోండాలు ఎదురు దిక్కులో తిరిగేవి.

అసలు సమస్య వెనకాల ఉంది. 1.6 కార్ల డిఫరెన్షియల్ (ఇంజన్ శక్తిని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) చిన్నది, కె24 ఇచ్చే టార్క్‌కి, అంటే తిప్పే బలానికి, నిలవదు. 1994 నుంచి 1.8 కార్లలో వచ్చిన పెద్దది వెతికి పెట్టుకోండి, యాక్సిల్ షాఫ్టులు, ప్రొపెల్లర్ షాఫ్టుతో సహా. అది చేతికొచ్చేదాకా ఇంజన్ కొనొద్దు.

జవాబు 2:
వైరింగ్‌కి అంత భయపడక్కర్లేదు బ్రదర్. రెండు హార్నెస్‌లనీ (వైర్ల కట్టలనీ) కలిపి ఒకటి చేయాలని మాత్రం చూడకండి. ఇంజన్ హార్నెస్ ఇంజన్‌దే, కారుది కారుదే, మధ్యలో కలిసేవి కొన్నే: ఇగ్నిషన్ సప్లై, ఫ్యూయల్ పంప్ రిలే, ఫ్యాన్, టాకోమీటర్, గేజ్‌లు, ఛార్జింగ్ లైటు. ఇమ్మొబిలైజర్ (అసలు తాళంచెవి లేకపోతే ఇంజన్‌ని స్టార్ట్ కానివ్వని లాక్) గొడవ లేకుండా స్టాండలోన్ ఈసీయూ (ఇంజన్‌ని నడిపే విడి కంప్యూటర్) పెట్టుకుంటే సుఖం. విప్పేటప్పుడు ప్రతి కనెక్టర్‌కీ పేరు రాసి అంటించండి. నేను పేపర్ టేప్ మీద బాల్‌పెన్నుతో రాశాను, నాలుగు నెలల్లో ఆయిల్ చేతులు తగిలి అక్షరాలన్నీ పోయాయి, మల్టీమీటర్ పెట్టి ఒక్కో వైరూ మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సొచ్చింది.

ఇంకోటి, మౌంట్లు వెల్డ్ చేసే ముందు వాల్వ్ కవర్ మీద నాలుగు చోట్ల మెత్తటి బంకమట్టి ముద్దలు పెట్టి బానెట్ మెల్లగా మూసి, ఎత్తి చూడండి. ముద్ద ఎంత మందం మిగిలితే అంతే ఖాళీ ఉన్నట్టు. ఇంజన్ రబ్బరు మీద ఊగుతుంది, కనీసం వేలెడు మందం ఉండాలి.

జవాబు 3:
నేనైతే రీబోర్ అంటాను. కారు బరువు టన్ను కూడా లేదు, ముందూ వెనకా దాదాపు సమానం, మలుపుల్లో దాని అందమంతా అదే. పైగా మీ బ్లాకు కాస్ట్ ఐరన్, రీబోర్‌కి భేషుగ్గా తట్టుకుంటుంది. కె24 ఎక్కిస్తే బ్రేకులు, రేడియేటర్ కూడా మార్చాలి, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ వాళ్లతో ముందే మాట్లాడాలి. అంతకన్నా ముందు ఆ మూడో సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి కంప్రెషన్ మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. వాల్వులైతే హెడ్ పనితోనే అయిపోతుంది కదా.

ప్రశ్న అడిగినవాడిని:
ఇప్పుడే చూశాను. ఆయిల్ పోయకముందు 90 పీఎస్ఐ, పోశాక 145. రింగులే. ముందు రీబోర్ చేయిస్తాను, ఆ పెద్ద డిఫరెన్షియల్ మాత్రం ఇప్పటి నుంచే వెతుకుతాను. అది దొరికిన రోజు కె24 సంగతి మళ్లీ అడుగుతా.