శాపం తీరే దారి ఆటగాడికి ముందే చెప్పాలా, దాచాలా?

బురుజు సందు (కర్నూలు)
డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒకడు కథ నడిపితే మిగతావాళ్లు పాత్రలై పాచికలేసి ఆడే ఆట) 2014 రూల్స్‌తో ఆడేవాళ్లకు ఈ ప్రశ్న. నా మాటైతే దాచాల్సిందే. ‘రిమూవ్ కర్స్’ మూడో లెవెల్ మంత్రం, క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలేసే పాత్ర) ఐదో లెవెల్‌కొస్తే చేతికందుతాది. ముట్టుకుంటే చాలు, మనిషి మీదున్న శాపాలన్నీ పోతాయి. ఒక్క స్లాట్‌తో (ఒకసారి మంత్రం వేసే వంతుతో) పోయేదాన్ని శాపం అంటారా, జలుబు అంటారా?

పెన్న గట్టు (కడప)
అన్నా, సగం రూలే చెప్పినావు. శాపం కత్తికుంటే ఆ మంత్రంతో కత్తి బాగుపడదు. అట్యూన్‌మెంట్ (వస్తువుకూ వాడేవాడికీ ఉన్న మంత్రబంధం) తెగి చేతిలోంచి దిగుతాది, అంతే. ఇంకొకడు ఎత్తుకున్నాడంటే మళ్లా మొదలు.

శాపం పెట్టే మంత్రం ‘బెస్టో కర్స్’ లెక్క చూడు. మూడో లెవెల్ స్లాట్‌తో వేస్తే ఒక్క నిమిషం, అదీ ఏకాగ్రత నిలిస్తేనే. ఐదో లెవెల్‌తో ఎనిమిది గంటలు, ఏకాగ్రతతో పనిలేదు. తొమ్మిదితో వేస్తే ఎవరో ఒకరు తీసేదాకా పోదు. చిన్న స్లాట్ శాపానికి మందు మాంత్రికుడి మీద దెబ్బ. దెబ్బ తగిలిన ప్రతిసారీ వాడు కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి గట్టితనానికి పాచిక పరీక్ష) వేయాల, అందుకోవాల్సిన అంకె పది, లేదా తగిలిన దెబ్బలో సగం, ఏది ఎక్కువైతే అది. తప్పితే ఏకాగ్రత చెదిరి శాపం పోతాది. ఈ సంగతి తెలిసిన ఆటగాళ్లు వాడి మీదికే పోతారు, పోరు రక్తి కడతాది. దాస్తే ఊరికే దిక్కులు చూస్తా కూర్చుంటారు.

బురుజు సందు
మరి పుస్తకమే దాస్తాంది కదా? వస్తువు గుణం తెలిపే ‘ఐడెంటిఫై’ మంత్రం వేసినా వస్తువుకున్న శాపం మామూలుగా బయటపడదు. యాగంటిలో కాకులు వాలవని అగస్త్యుడి శాపం చెప్తారు, దానికి విమోచనమే లేదు. ఎవరు ఏడ్చినారు?

పెన్న గట్టు
కాకి ఆటగాడు కాదు గదా సామీ!

చిత్రావతి (అనంతపురం)
ఇద్దరూ శాపం ఉండటాన్నీ అది తీరటాన్నీ కలిపేస్తున్నారు. శాపం ఉందో లేదో ఆటగాడే వెతుక్కోవాల. నెట్‌హ్యాక్ అనే కంప్యూటర్ ఆటలో వస్తువును బలిపీఠం మీద పడేస్తే నల్లటి మెరుపొస్తాది, పెంపుడు కుక్క దాని మీద కాలు పెట్టను సంకోచిస్తాది. ఎవరూ నోరు విప్పి చెప్పరు, కానీ చూసేవాడికి తెలుస్తాది.

శాపం ఏం చేస్తాదో ఆ ఫలితం మాత్రం దాచొద్దు. పరీక్షిత్తుకు ఏడు దినాలని చెప్పబట్టే ఆ కథకు అంత బిగువు. కర్ణుడికీ అస్త్రం మరుపొస్తాదని తెలుసు, ఏ పూటో తెలీదు. దాచాల్సింది ఆ పూటనే.

మోతాదు మించితే ఏమైతాదో డార్క్ సోల్స్ వీడియో గేమ్ మొదటి భాగంలో చూడండి. విడుదలైన కొత్తలో శాపం మీద శాపం పడి ప్రాణం సగం, పావు, అరపావు దాకా దిగేది. తర్వాత ప్యాచ్‌తో సగం దగ్గర ఆపినారు.

బురుజు సందు
అయితే మైన్‌క్రాఫ్ట్ గేమ్‌లో, తగిలించుకున్నది ఊడిరాకుండా చేసే బైండింగ్ శాపం ఏమంటావక్కా? గ్రైండ్‌స్టోన్ (ఆటలోని సానరాయి) మిగతా మంత్రాలు తీస్తాది, దీన్ని ముట్టదు. కవచమైతే అరిగి విరుగుతాది. తలకు గుమ్మడికాయ తగిలించుకున్నోడికి అదీ లేదు, చావే దిక్కు.

చిత్రావతి
అక్కడ శాపం పేరు వస్తువు మీదే రాసుంటాది. చదవకుండా తగిలించుకుంటే ఆట తప్పా?

ఇంకోటి, బురుజన్నా. విమోచనం దాచినా సరే, దాన్ని క్లెరిక్ ఒక్కడి చేతిలో పెట్టొద్దు. గుళ్లో పూజారో, పగలగొట్టాల్సిన విగ్రహమో, రెండో దారి ఉండాల. ఆ వారం క్లెరిక్ ఆడేవాడు రాకపోతే ఆట అక్కడే నిలబడిపోతాది.