కాలేజీ అథ్లెటిక్స్ డిపార్ట్‌మెంట్‌లో కోతలు మొదలయ్యాయి, ఉండాలా వెళ్ళిపోవాలా?

సాయి_మిడ్‌వెస్ట్:
అమెరికాలో ఒక పెద్ద పబ్లిక్ యూనివర్సిటీ అథ్లెటిక్స్‌లో టికెటింగ్ డేటా చూస్తాను, స్టెమ్ ఓపీటీ మీద ఉన్నా (చదువయ్యాక పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ అనుమతికి సైన్స్, టెక్ డిగ్రీవాళ్ళకి దొరికే పొడిగింపు). ఫుట్‌బాల్ సీజన్ టికెట్లు ఎవరు రెన్యూ చేస్తారు, ఎవరు మానేస్తారు అని లెక్కలు తీయడమే పని. ఈమధ్య రిటైరైన ఇద్దరి చోట ఎవర్నీ తీసుకోలేదు, ప్రయాణాలు ఆపేశారు, స్టాఫ్ మీటింగ్‌లో పెట్టే లంచ్ కూడా తీసేశారు. స్టేడియం నిండుతోంది, టీవీ డబ్బులొస్తున్నాయి, మరి ఈ లోటు ఎక్కడిది? ముందు ఎవర్ని తీస్తారు? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

బడ్జెట్_బాబాయ్:
ఆదాయం తగ్గలేదు తమ్ముడూ, ఖర్చు పెరిగింది. 2025 జూన్‌లో హౌస్ కేసు (కాలేజీ ఆటల్ని నడిపే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ మీద, తమకీ డబ్బు రావాలని ఆటగాళ్ళు వేసింది) సెటిల్‌మెంట్‌కి జడ్జి ఆమోదం తెలిపాక, జూలై 1 నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్ళకి నేరుగా డబ్బివ్వొచ్చు, మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి పరిమితి దాదాపు 20.5 మిలియన్ డాలర్లు. ఇచ్చి తీరాలని రూలేం లేదు, కానీ ఇవ్వకపోతే మంచి ఆటగాడు పక్క స్కూల్‌కి, అంటే వేరే యూనివర్సిటీకి పోతాడు. పైగా పాత ఆటగాళ్ళకి పదేళ్ళలో కట్టాల్సిన 2.8 బిలియన్లలో కొంత, ఎన్‌సీఏఏ ఏటా స్కూళ్ళకి పంచే డబ్బులోంచే కోసేస్తుంది. కోచ్ కాంట్రాక్టు జోలికి పోలేరు, తీసేసినా కట్టాల్సిందే. టెక్సస్ ఏ అండ్ ఎం 2023 నవంబర్‌లో ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ని పంపించేసినందుకు 75 మిలియన్ల పైమాటే బాకీ పడింది, మరుసటి ఏడాది అదే డిపార్ట్‌మెంట్‌లో మామూలు స్టాఫ్ ఉద్యోగాలు పోయాయి. స్టేడియం అప్పు వాయిదా ఆగదు. ఇక కోయడానికి మిగిలింది మార్కెటింగ్, వీడియో, అకడమిక్ అడ్వైజింగ్, మీ టికెట్ ఆఫీసు.

ట్రైనర్_అక్క:
2020లో ఇదంతా చూశాను. మార్చ్ మ్యాడ్‌నెస్ (కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీ) రద్దయ్యి ఎన్‌సీఏఏ 600 మిలియన్ల బదులు 225 మిలియన్లే పంచిన ఏడాది. నాతో పనిచేసే ఆమెని తీసేసి ఆమె టీమ్ కూడా నాకే అంటగట్టారు, ప్రాక్టీస్ ముందు ఇద్దరం చేసే టేపింగ్ ఒక్కదాన్నే చేయాలి, ఆటగాళ్ళ చీలమండలకి టేపు చుట్టీ చుట్టీ వేళ్ళ చివర్లు పగిలేవి, గాయాల రిపోర్టులు ఇంటికొచ్చాక రాత్రి రాసేదాన్ని. జీతం మాత్రం పెరగలేదు, అది వేరే కథ.

ఒకటి గమనించు సాయీ. ఆ జూలైలో స్టాన్‌ఫర్డ్ 11 ఆటలు, 20 సపోర్ట్ స్టాఫ్ ఉద్యోగాలు తీసేస్తున్నామంది. పాత విద్యార్థులు గొడవ చేశారు, ఆటగాళ్ళు కోర్టుకెక్కారు, 2021 మేలో 11 ఆటలూ నిలబడ్డాయి. అయోవాలో ఆడపిల్లల స్విమ్మింగ్ టైటిల్ నైన్ (చదువులో, కాలేజీ ఆటల్లో ఆడామగా తేడా చూపొద్దనే చట్టం) కేసు వల్ల వెనక్కొచ్చింది. ఆటల కోసం అడిగేవాళ్ళుంటారు. టికెట్ ఆఫీసువాడి కోసం ఎవరు కేసేస్తారు చెప్పు?

వైజాగ్_కుర్రాడు:
అక్కా, మరీ అంత భయపెట్టకండి. టికెట్లంటే డబ్బు తెచ్చే చోటు కదా, తన లెక్కల వల్ల ఎన్ని రెన్యూవల్స్ వచ్చాయో డాలర్లలో చూపిస్తే ఎందుకు తీస్తారు?

బడ్జెట్_బాబాయ్:
చూపించమను, మంచిదే. కానీ టికెట్ అమ్మకాలు బయటి కంపెనీకి కాంట్రాక్టుకిచ్చిన స్కూళ్ళు చాలా ఉన్నాయి. నమ్ముకుని కూర్చోవద్దు.

వీసా_గోల:
ఆటల సంగతి నాకు తెలీదు గానీ వీసా సంగతి చెప్తా. స్టెమ్ ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 150 రోజులు, మొదటి ఓపీటీలో ఖాళీగా ఉన్న రోజులు కూడా అందులోకే వస్తాయి. ఉద్యోగం పోతే 10 రోజుల్లో డీఎస్‌ఓకి (యూనివర్సిటీలో విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) చెప్పాలి. కొత్త కంపెనీకి ఈ-వెరిఫై (ఉద్యోగి పని అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, కొత్త ఐ-983 (శిక్షణ ప్లాన్ ఫారం) నింపాలి. అన్నిటికంటే ముఖ్యం, యూనివర్సిటీ ఇప్పించే హెచ్-1బి ఉద్యోగ వీసాకి లాటరీ అక్కర్లేదు. అందుకని అథ్లెటిక్స్ వదిలినా యూనివర్సిటీ వదలకు బ్రో, రిజిస్ట్రార్ ఆఫీసు, అడ్మిషన్లు, పూర్వ విద్యార్థుల విరాళాలు చూసేవాళ్ళు, అందరికీ డేటా మనిషి కావాలి.

సాయి_మిడ్‌వెస్ట్:
థాంక్స్ అందరికీ. అడ్మిషన్స్‌లో ఒక పోస్టు కనిపిస్తోంది. మా మేనేజర్‌కి చెప్పి అప్లై చేయాలా?

ట్రైనర్_అక్క:
ముందు అప్లై చెయ్యి. ఇంటర్వ్యూకి పిలిచాక చెప్పు, ఎలాగూ రిఫరెన్స్ అడుగుతారు. మీ బడ్జెట్ మీటింగ్ అయ్యేదాకా మాత్రం ఆగకు, కోతల్లో ముందు ఆగిపోయేది లోపలి ట్రాన్స్‌ఫర్లే.