కూల్‌డ్రింక్ ప్రకటనల్లో హీరోలు, ఆటగాళ్ళు: నిషేధం పెట్టాలా, వద్దా?

సిరిపురం సెంటర్
విషయం సూటిగా పెడుతున్నాను. విశాఖలో మద్దిలపాలెం నుంచి జగదాంబ దాకా ఏ కిరాణా కొట్టు చూసినా బోర్డులో సగం కొట్టు పేరు, సగం హీరో ముఖం. సిగరెట్ ప్రకటనల్ని 2003 చట్టంతో ఆపగలిగినప్పుడు, చక్కెర నీళ్ళకి నటులు, క్రికెటర్లు ముఖం అరువివ్వడాన్ని ఎందుకు ఆపకూడదు? 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచాక పుల్లెల గోపీచంద్ కోలా ప్రకటన వద్దన్నారు. జైపూర్‌లో ఓ చిన్నపిల్ల "మా టీచరు విషమన్నదాన్ని మీరెందుకు చెబుతున్నారు" అని అడిగాక పెప్సీ మానేశానని 2014లో అమితాబ్ చెప్పారు. 2017లో కోహ్లీ కూడా తప్పుకున్నాడు. ఇలా ఏ ఒక్కరిదో మనస్సాక్షి మేలుకునేదాకా కూర్చోవాలా? చట్టమే చేయాలంటాను. కాదనేవాళ్ళు ఊరికే "ఎవడి ఇష్టం వాడిది" అనకుండా లెక్కతో రండి.

పూర్ణామార్కెట్ హోల్‌సేల్
ముఖం చూసి కొంటారన్న దగ్గరే తేడా వస్తోందండీ. థమ్సప్‌కి మన దగ్గర చిరంజీవి చేశారు, మహేష్ బాబు చేశారు, తరవాత విజయ్ దేవరకొండ వచ్చారు. మహేష్ అవతలి కంపెనీ మౌంటెన్ డ్యూకి వెళ్ళారు. హిందీలో సల్మాన్ థమ్సప్ నుంచి పెప్సీకి, షారుఖ్ పెప్సీ నుంచి థమ్సప్‌కి. ఇన్ని ముఖాలు అటూ ఇటూ మారినా థమ్సప్ తాగేవాడు థమ్సప్పే అడుగుతున్నాడు.

సరుకు కదిలించేది ఫ్రిజ్. గాజు తలుపు, లోపల లైటు ఉన్న కంపెనీ ఫ్రిజ్. ఫ్రిజ్ వాళ్ళది, కరెంటు బిల్లు కొట్టువాడిది, షరతు ఏంటంటే అవతలి కంపెనీ సీసా అందులో కనపడకూడదు. కంటి ఎత్తు అరలో 10, 20 రూపాయల సీసాలు, అడుగున పెద్దవి. సేల్స్‌మ్యాన్ రాగానే ముందు తలుపు తీసి ఆ వరస చూస్తాడు, పోస్టర్ సంగతి తరవాత. సీసా 4 డిగ్రీల్లో ఉంటే అక్కడే మూత తీసి తాగుతారు. 12 దగ్గరుంటే చేత్తో పట్టుకుని "చల్లగా లేదేటి?" అని పెట్టేసి పక్క కొట్టుకి పోతారు. బీచ్ రోడ్డు వైపు కొట్లలో ఇదో పెద్ద తలనొప్పి. ఉప్పుగాలికి కండెన్సర్ రెక్కలు తుప్పుపడతాయి, మీద దుమ్ము అట్టకడుతుంది, వేడి బయటికి పోదు. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, సీసా మాత్రం చల్లబడదు. తలుపు రబ్బరు వదులైనా అంతే. మే నెలలో అలాంటి కొట్టులో అమ్మకం పడిపోతే హీరో వచ్చి ఏం చేస్తాడు?

ఇంకోటి, రేటు. 2023లో రిలయన్స్ వాళ్ళు పాత కాంపా కోలాని మళ్ళీ తెచ్చినప్పుడు మొదలుపెట్టింది మన రెండు రాష్ట్రాల్లోనే. 200 మి.లీ. 10 రూపాయలు. బేరాన్ని కదిపింది ఆ పది రూపాయలే.

టేబుల్‌టాప్
ఫ్రిజ్ మాట ఒప్పుకుంటాను. ఆ ఫ్రిజ్‌లోకి సరుకు ఎలా వచ్చిందో కూడా చెప్పాలిగా? కొత్త రుచో కొత్త సైజో దింపేటప్పుడు డీలర్ మీటింగులో ముందు వేసేది హీరో ప్రకటన. "టీవీలో వస్తోంది, ఫలానా ఆయన చేస్తున్నాడు" అంటే డీలరు పది కేసులు అదనంగా రాయించుకుంటాడు. హీరోకిచ్చే డబ్బులో పెద్ద భాగం పనిచేసేది అక్కడ. తాగేవాడి దగ్గరికి వచ్చేసరికి ఆ ముఖం చేసే పని, స్కిప్ నొక్కబోయే వేలిని రెండు సెకన్లు ఆపడం.

ప్రకటనలో దాహం పుట్టించే షాటులో హీరో ఉండడు. అది విడిగా, బల్ల మీద, ఇంకో రోజు తీస్తారు. సీసా మీద కనిపించే బొట్లు ఉత్త నీళ్ళు కావు. ముందు మెరుపు తగ్గించే స్ప్రే కొట్టి, ఆరాక గ్లిజరిన్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి సన్నగా చిమ్ముతారు. లైట్ల వేడికి జారకుండా గంటల తరబడి నిలుస్తాయి. గ్లిజరిన్ తగ్గితే ధార కడుతుంది, మరీ ఎక్కువైతే జిగటగా, నూనె పూసినట్టు కనిపిస్తుంది. ఐసు ముక్కలు యాక్రిలిక్‌వి.

హీరోతో ఒప్పందాల్లో గొడవలు ఎక్కువగా రెండు చోట్ల వస్తాయి. మొదటిది, ఆయన ప్రకటన చేయకూడని పోటీ సరుకంటే ఏంటన్నది. 'కూల్‌డ్రింక్' అని రాసి వదిలేస్తే, ఆర్నెల్లకి ఆయన మామిడిరసం ప్రకటనకో ఎనర్జీ డ్రింక్‌కో సంతకం పెడతాడు. అందుకే పళ్ళరసం, సోడా, మంచినీళ్ళ సీసాతో సహా పేరుపేరునా రాసుకోవాలి. రెండోది గడువు తీరాక బోర్డుల తొలగింపు. టీవీలో ఆపడం ఒక్క మెయిల్‌తో అయిపోతుంది. గోడల మీద, షట్టర్ల మీద ఉన్నవి ఎవరు తీస్తారు? పాత హీరో ఇంకో కంపెనీకి చేస్తుంటాడు, గోపాలపట్నంలో గోడ మీద మాత్రం ఇంకా ఈ సీసా పట్టుకునే నిలబడి ఉంటాడు.

రుషికొండ గాలి
ముఖానికి బలం లేదంటే ఎలా? 2021లో రొనాల్డో సీసాలు రెండు పక్కకి జరిపినందుకు కోకాకోలాకి 400 కోట్ల డాలర్లు పోయాయి కదా!

టేబుల్‌టాప్
ఆ వార్త సగమే నిజం. జూన్ 14న బుడాపెస్ట్ ప్రెస్‌మీట్‌లో ఆయన సీసాలు జరిపి, నీళ్ళ సీసా ఎత్తి "ఆగ్వా" (నీళ్ళు) అన్నమాట నిజం. అయితే ఆ రోజే ఆ షేరు ఎక్స్-డివిడెండ్‌కి వెళ్ళింది, అంటే ఆ రోజు నుంచి కొన్నవాళ్ళకి ఆ విడత డివిడెండ్ (లాభంలో వాటా) రాదు, ఆ మేరకు ధర ఎలాగూ తగ్గాలి. పైగా ఆయన కుర్చీలో కూర్చోకముందే షేరు దిగడం మొదలైంది. ముఖం బలానికి అసలు పరీక్ష కావాలంటే 1985 చూడండి. 1984 ప్రకటనల కోసం పెప్సీ 50 లక్షల డాలర్లిచ్చి మైకేల్ జాక్సన్‌ని తెచ్చుకుంది. మరుసటి ఏడు ఏప్రిల్లో కోక్ తన రుచే మార్చేసి, అప్పట్లో అమెరికా ఇళ్ళల్లో అందరికీ నచ్చిన బిల్ కాస్బీతో చెప్పించింది. జనం ఒప్పుకోలేదు. 79 రోజుల్లో పాత రుచి వెనక్కి తేవాల్సొచ్చింది.

చక్కెర లెక్క
మీరంతా బ్రాండ్ల మధ్య పోటీ గురించే మాట్లాడుతున్నారు. హీరో వల్ల పెప్సీ వాడు కోక్‌కి మారాడా లేదా అన్నది కంపెనీల గోల. కొబ్బరిబొండం తాగేవాడు, మజ్జిగ తాగేవాడు కోలాకి మారాడా అన్నది మనం చూసుకోవాల్సింది. అందరు హీరోలూ కలిసి చేస్తున్నది ఆ పనే.

సీసా వెనక చదవండి. మామూలు కోలాలో 100 మి.లీ.కి 10.6 గ్రాముల చక్కెర. 250 మి.లీ. సీసాకి 26.5 గ్రాములు, అంటే ఆరు చెంచాలు దాటి. రోజుకి 2000 కేలరీలు తినే పెద్దవాళ్ళకి అదనపు చక్కెర 50 గ్రాములు మించకూడదని, వీలైతే 25 లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పిల్లలు తినేదే తక్కువ, వాళ్ళ హద్దు ఇంకా తక్కువ. ఒక్క సీసాతో దాటేస్తుంది.

నిషేధం కన్నా ముందు పన్ను సరిచేయాలి. బ్రిటన్‌లో 2018 ఏప్రిల్లో పన్ను మొదలైనప్పుడు 100 మి.లీ.కి 8 గ్రాములు, ఆపైన చక్కెర ఉంటే లీటరుకి 24 పెన్నీలు, 5 నుంచి 8 లోపుంటే 18, ఐదు లోపుంటే సున్నా. కంపెనీలు చాలావరకు పన్ను మొదలయ్యేలోపే చక్కెర తగ్గించేశాయి. మన దగ్గర 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ 40 శాతం, చక్కెర ఉన్నదానికీ అంతే, లేనిదానికీ అంతే. ఇక తగ్గించాలని ఎవడికి ఉంటుంది?

సిరిపురం సెంటర్
పన్ను పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. అది పెట్టారు కాబట్టి ముఖం ఉండనివ్వాలని ఎక్కడుంది? మెక్సికోలో 2014 నుంచి పన్నూ ఉంది, చక్కెర లాంటివి ఎక్కువని హెచ్చరిక ముద్ర పడ్డ ప్యాకింగ్ మీద పిల్లల్ని ఆకర్షించే బొమ్మలు, ప్రముఖులు, ఆటగాళ్ళు ఉండకూడదన్న నియమమూ ఉంది.

ఎంవీపీ వకీలు
మన చట్టంలో ఉన్నదేంటో ముందు చూద్దాం. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 21. తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటించినవారికి 10 లక్షల వరకు జరిమానా, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు. ఏడాది పాటు, మళ్ళీ చేస్తే మూడేళ్ళ వరకు ప్రకటనలు చేయకుండా ఆపొచ్చు. చెప్పేముందు తగినంత విచారించుకున్నానని రుజువు చూపిస్తే బయటపడతారు. చిక్కేంటంటే, కొండ మీంచి దూకి సీసా పట్టుకోవడం అబద్ధపు హామీ కిందకి రాదు, అతిశయోక్తి అంతే. 'తాగితే బలం' అంటే దొరుకుతారు. ఏమీ అనకుండా ఊరికే నవ్వితే దొరకరు.

ఆ చట్టం కింద వచ్చిన 2022 జూన్ మార్గదర్శకాల్లో పిల్లల గురించి విడిగా ఉంది. చిప్స్, గ్యాస్ నింపిన పానీయాల ప్రకటనలు పిల్లల కార్యక్రమాల మధ్యలో, పిల్లల చానెళ్ళలో రాకూడదు. సినిమా, క్రీడా ప్రముఖులు పిల్లల ప్రకటనల్లో కనపడకూడదన్న నియమమూ ఉంది, కానీ అది చట్టప్రకారం ఆరోగ్య హెచ్చరిక తప్పనిసరైన సరుకులకి, పిల్లలు కొనకూడని సరుకులకి మాత్రమే. కోలా ఆ రెండిట్లోనూ లేదు. అంటే ప్రకటనలో ఆరోగ్య హెచ్చరిక తప్పనిసరి చేయించగలిగితే, పిల్లల ప్రకటనల వరకు ఈ నియమం దానంతటదే తగులుకుంటుంది. పూర్తి నిషేధం అంటారా, వాణిజ్య ప్రకటనకీ వాక్ స్వాతంత్ర్యం ఉందని 1995లో టాటా ప్రెస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మడానికి అనుమతి ఉన్న సరుకు మీద అలాంటి చట్టం నిలబెట్టడం తేలిక కాదు.

గోదావరి అవతల
ఏ హీరో ఒడ్డెక్కించాడని మా రామచంద్రపురం కూల్‌డ్రింక్ ఆర్టోస్ వందేళ్ళు దాటింది? మా వైపు పెళ్ళి భోజనాల్లో ఇప్పటికీ అడిగి మరీ తాగుతారు.

పూర్ణామార్కెట్ హోల్‌సేల్
తాగుతారు, కాదనను. కానీ ఎన్ని జిల్లాల్లో దొరుకుతుంది? ఊరూరా ఫ్రిజ్ పెట్టలేనివాడు ఊరు దాటలేడు, మీరిచ్చిన ఉదాహరణ కూడా ఫ్రిజ్ వైపే తిరుగుతోంది.

చక్కెర లెక్క
అందులోనూ చక్కెరే ఉంది, గుర్తుపెట్టుకోండి.

ఎంవీపీ వకీలు
సిరిపురం గారూ, ఢిల్లీ దాకా పోకుండా చేయగలిగింది ఒకటి చెబుతాను. బడిపిల్లల ఆహారం మీద కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నియమావళి ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్నవి బడి గేటు నుంచి ఎటువైపైనా 50 మీటర్ల లోపు పిల్లలకి అమ్మకూడదు, ప్రకటన కూడా పెట్టకూడదు. ఫిర్యాదులో ఊరికే 'బడి దగ్గర' అని రాస్తే పక్కన పడేస్తారు. గేటు దగ్గర టేపు పెట్టి బోర్డు దాకా కొలవండి, గేటూ బోర్డూ ఒకే ఫొటోలో వచ్చేలా తీయండి, తేదీ పడాలి, కొట్టు లైసెన్స్ నంబరు రాయండి. ఆహార భద్రత అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి.

సిరిపురం సెంటర్
ఇది పనికొచ్చే మాట. మా వార్డు బడులతో మొదలుపెడతాం. అయినా ఎనిమిదో తరగతి కుర్రాడు బోర్డు చూడకపోయినా ఫోన్లో చూస్తాడు కాబట్టి నిషేధం మాట వదులుకోను.

పూర్ణామార్కెట్ హోల్‌సేల్
కొలవండి గానీ, కొట్టువాడి మీద కేసు పెట్టకండి బాబూ. ఆ బోర్డు కంపెనీవాళ్ళు ఉచితంగా వేసి పోయింది, కొత్తది చేయించుకోవాలంటే వాడికి వేలల్లో అవుతుంది. ఫిర్యాదులో డిస్ట్రిబ్యూటర్ పేరు కూడా రాయండి, బోర్డు మార్పించే దారి ఆయనకి తెలుసు.