సిండోపాతో పాటు కపికచ్ఛు చూర్ణం వాడొచ్చా? నాయనకి పార్కిన్సన్స్

కందుకూరు_అబ్బయ్య:
అందరికీ నమస్కారం. మా నాయనకి 68 ఏళ్లు. కుడిచేయి వణుకు, నడక నెమ్మది, మాట లోపల్లోపలే ఉండిపోతుంది. రెండేళ్ల కిందట నెల్లూరులో న్యూరాలజిస్టు పార్కిన్సన్స్ అని తేల్చారు. ఇప్పుడు వాడేవి ఇవి:

సిండోపా 110 ఉదయం 8.30, మధ్యాహ్నం 1.30, రాత్రి 8.30కి. ఖాళీ కడుపున వేస్తే వికారం, అందుకని తిన్న వెంటనే వేస్తున్నాం. తల తిరుగుతోందంటే ఊళ్లో డాక్టరు సినరిజిన్ 25 రోజుకి రెండు రాశారు. గ్యాసుకి రాబిప్రజోల్, లెవోసల్పిరైడ్ కలిసిన క్యాప్సూల్ పరగడుపున. ఈ మధ్య తెలిసినవాళ్లు కపికచ్ఛు చూర్ణం తెచ్చిచ్చారు, ఉదయం, రాత్రి ఒక్కో చెంచా పాలల్లో కలిపి ఇస్తున్నాం.

మధ్యాహ్నం మాత్ర వేసినా వేయనట్టే ఉంటుంది. రాత్రి మాత్ర వేసిన గంటకి మెడ, భుజాలు వాటంతటవే మెలికలు తిరుగుతున్నాయి. సిండోపా ఆపేసి పూర్తిగా ఆయుర్వేదానికి మారదామని ఇంట్లో అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

మందుల_చీటీ:
అన్నా, ముందు ఒక మాట. సిండోపా ఉన్నట్టుండి ఆపొద్దు. హఠాత్తుగా ఆపితే ఒళ్లంతా కొయ్యబారి, జ్వరం పెరిగి, మనిషి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. అది ఐసీయూ కేసు. తగ్గించాలన్నా మెల్లగా, రాసిన డాక్టరు చెప్పినట్టే.

మీ జాబితాలో నాకు కపికచ్ఛు కంటే ముందు కంటబడినవి సినరిజిన్, లెవోసల్పిరైడ్. మెదడులో డోపమైన్ తక్కువై వచ్చే జబ్బు ఇది. సిండోపా ఆ డోపమైన్‌ని అందిస్తుంటే ఈ రెండూ అది పనిచేసే చోటే అడ్డం పడతాయి. జబ్బు లేనివాళ్లకి కూడా నెలల తరబడి వాడితే అచ్చం పార్కిన్సన్స్ లాగే వణుకు, బిగుతు తెప్పించగలవు. ఫ్లునరిజిన్, మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్‌దీ ఇదే దారి. వాంతికీ, తల తిరుగుడుకీ ఎక్కడ చూపించినా ముందు ఇవే రాస్తారు, అదే చిక్కు. ఈ పేర్లు ఒక కాగితం మీద రాసి నాయన జేబులో పెట్టండి. వికారానికి డాంపెరిడోన్ మెదడులోకి పెద్దగా పోదు కాబట్టి ఇందులో అదే నయం. అదైనా ఈసీజీ చూసి, తక్కువ మోతాదులో, డాక్టరు రాస్తేనే. ఆ రెండు మందులు మాన్పించాక తేడా వెంటనే తెలియదు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

తల తిరుగుడు చెవి వల్ల కాకపోవచ్చు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి, లేచి నిలబడ్డాక మూడో నిమిషంలో మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడితే నిలబడినప్పుడు బీపీ జారుతున్నట్టు. పార్కిన్సన్స్‌లో ఇది మామూలు, సిండోపా కూడా కొంత తెస్తుంది. బీపీ మాత్రలు వేసుకుంటుంటే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. మే నెలలో నెల్లూరు ఎండకి నీళ్లు తగ్గితే ఇంకా జారుతుంది.

ఇక వికారం. 110 అంటే లెవోడోపా 100, కార్బిడోపా 10 మిల్లీగ్రాములు. లెవోడోపా మెదడుకి చేరకముందే ఒంట్లో డోపమైన్‌గా మారకుండా ఆపేది కార్బిడోపా. ఆ పని సరిగా జరగాలంటే రోజుకి కనీసం 70 నుంచి 75 మిల్లీగ్రాములు కావాలి. మూడు 110లకి అందేది 30. వికారం ఎందుకు రాదు? 100, 25 కలిసిన మాత్ర (అదే 125) మూడు పూటలా వేస్తే 75 అవుతుంది. లెవోడోపా మారదు, కడుపు తిప్పుడు తగ్గుతుంది. మార్చమని మీ న్యూరాలజిస్టుని అడగండి, మీ అంతట మీరు మార్చకండి.

వికారం తగ్గితే మాత్రని అన్నానికి అరగంట, ముప్పావుగంట ముందు గ్లాసు నిండా నీళ్లతో వేయొచ్చు. మరీ తిప్పితే రెండు బిస్కెట్లు, పాలు వద్దు. ఐరన్ మాత్ర ఉంటే రెండు గంటలు ఎడం పెట్టండి.

మూలిక_ఒంగోలు:
కపికచ్ఛు అంటే మన దూలగొండే. దాని గింజలో ఉన్నదీ లెవోడోపానే. సిండోపాలో ఉన్న మందు, దానికి అడ్డుకట్టగా కార్బిడోపా లేకుండా. అందుకే ఇది సిండోపాకి పోటీ మందు కాదు, ఇంకో డోసు. ఆయుర్వేదానికి మారాం అనుకున్నవాళ్లు మళ్లీ లెవోడోపానే తింటున్నారు, ఎంత తింటున్నారో తెలియకుండా.

లెక్క చూడండి. గింజలో లెవోడోపా సుమారు 3 నుంచి 6 శాతం. చెంచా 5 గ్రాములనుకుంటే 150 నుంచి 300 మిల్లీగ్రాములు. మీ రాత్రి సిండోపాలో ఉన్నది 100. ఆ పూట రెండూ కలిసి రెండున్నర, నాలుగు మాత్రలంత పడుతోంది. సిండోపాలో ఉన్న కాస్త కార్బిడోపా ఈ చూర్ణానికీ కాపు కాస్తుంది. మెలికలు అందుకే వస్తుండాలి. పొడి విడిగా వాడితే లెక్క తారుమారవుతుంది. కార్బిడోపా లేకపోతే అదే ఫలితానికి నాలుగైదు రెట్ల లెవోడోపా కావాలి, దాంతోపాటు వికారం, బీపీ జారడం.

2004లో లండన్‌లో 8 మందికి సిండోపా తరహా మాత్రలతో (లెవోడోపా 200, కార్బిడోపా 50) పోల్చి చూర్ణం ఇచ్చి చూశారు. 30 గ్రాముల చూర్ణం సుమారు 35 నిమిషాల్లో పని మొదలెడితే మాత్రలకి 69 నిమిషాలు పట్టింది, ప్రభావం కూడా ఎక్కువసేపు నిలిచింది. మందు నిజమైనదే. కానీ అది ఎనిమిది మంది ఒక్కో డోసు సంగతి, ఎంత శాతమో తెలిసిన చూర్ణం. తెలిసినవాళ్లు ఇచ్చిన డబ్బా మీద లెవోడోపా శాతం రాసి ఉందా? లేకపోతే ఈ చెంచాకీ వచ్చే చెంచాకీ పొంతన ఉండదు. విటమిన్ బి6 ఉన్న బలం మాత్రలు కూడా కార్బిడోపా తోడు లేని లెవోడోపాని దెబ్బతీస్తాయి.

ఇప్పటికి న్యూరాలజిస్టుకి చెప్పి చూర్ణం ఆపండి. మతి తడబడటం, లేనివి కనిపించడం మొదలైతే ఆయన తీరిక కోసం చూడకుండా వెంటనే చూపించండి.

కంపవాతంలో (పార్కిన్సన్స్‌కి ఆయుర్వేదంలో పేరు) ఆయుర్వేదం చేయగలిగింది వేరే చోట ఉంది. మలబద్ధకం. పేగు బద్ధకిస్తే జీర్ణాశయం నుంచి మాత్ర కిందికి దిగడం కూడా ఆలస్యమవుతుంది. రాత్రి గోరువెచ్చని నీళ్లతో త్రిఫల అర చెంచా నుంచి చెంచా, పగలు సరిపడా నీళ్లు. ఇసబ్‌గోల్ వాడితే నీళ్లు రెట్టింపు తాగాలి, లేకుంటే అది ఇంకా బిగిస్తుంది. మింగటంలో ఇబ్బంది ఉంటే ఇసబ్‌గోల్ వద్దు. ఉదయం స్నానానికి ముందు మహానారాయణ తైలం గానీ క్షీరబలా తైలం గానీ వెచ్చజేసి భుజాలు, మెడ, పిక్కలు ఇరవై నిమిషాలు మర్దన చేస్తే బిగుతు కాసేపు సడలుతుంది. తర్వాత సబ్బుతో కాళ్లు బాగా కడగండి, నూనె పాదంతో బాత్రూంలో అడుగేయించొద్దు. బస్తి కర్మ (ఆయుర్వేద ఎనిమా) ఆసుపత్రిలో వైద్యుడి దగ్గరే, ఇంట్లో వద్దు. భస్మాలు, రసౌషధాలు మాత్రం దగ్గరికి రానివ్వకండి, పాదరసం, సీసం ఎంతుందో తెలియదు.

కందుకూరు_అబ్బయ్య:
చాలా థాంక్స్ అన్నా. డబ్బా మీద శాతం లేదు. ఇంకొక్కటి, మధ్యాహ్నం చేపల పులుసు లేకుంటే నాయనకి ముద్ద దిగదు. అది కూడా కారణమా?

మందుల_చీటీ:
అవ్వచ్చు. మాంసకృత్తులు అరిగితే వచ్చే అమైనో ఆమ్లాలు, లెవోడోపా ఒకే తలుపు గుండా పేగులోంచి, తర్వాత మెదడులోకి పోవాలి. తిన్న వెంటనే వేసే మాత్ర ఆ తోపులాటలో వెనకబడుతుంది. వికారం తగ్గాక, మొదట మధ్యాహ్నం మాత్రని 12.45కి జరపండి, పులుసు 1.30కే తిననివ్వండి. దానితోనే సరిపోవచ్చు. అప్పటికీ లాభం లేకపోతే పగలు చేప, గుడ్డు, పప్పు తగ్గించి రాత్రికి మార్చండి. మొత్తంగా తగ్గించొద్దు, ఈ జబ్బులో బరువు ఊరికే పడిపోతుంది.

డాక్టరు దగ్గరికి పోయేముందు మూడు రోజులు కాగితం మీద గంట గంటకీ రాయండి: మాత్ర వేసిన టైము, తిన్న టైము, కదలిక బాగుందా, బిగుసుకుందా, మెలికలు వచ్చాయా. ఫోన్లో మాత్రకి ముందు ఒక వీడియో, గంట తర్వాత ఇంకొకటి, కుర్చీలోంచి లేచి నాలుగడుగులు నడిచేది. ఓపీలో ఐదు నిమిషాల్లో మీరు చెప్పలేనిది ఆ రెండు వీడియోలు చెబుతాయి.

ఫిజియో_నెల్లూరు:
మందుల సంగతి పైవాళ్లు చెప్పారు. నేను గడప సంగతి చెబుతా. పార్కిన్సన్స్ మనిషి గడప దగ్గరికి రాగానే పాదాలు నేలకి అతుక్కుంటాయి. ఆ క్షణంలో చేయి పట్టి లాగకండి. ఒళ్లు ముందుకి వస్తుంది, కాళ్లు అక్కడే ఉంటాయి, బోర్లా పడిపోతారు. ఆగమనండి, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చమనండి, "ఒకటి, రెండు" అని గట్టిగా అంటూ రెండో కాలు ఎత్తి వేయమనండి. గడపకి ఇవతల ముగ్గు పిండితోనో తెల్ల టేపుతోనో అడుగున్నర దూరంలో అడ్డగీతలు మూడు నాలుగు గీయండి, గీత దాటమంటే కాలు లేస్తుంది. కంటికి ఆధారం దొరికితే మెదడు ఇంకో దారిలో అడుగు వేయిస్తుంది. పిండి గీతలు ఎక్కువసేపు ఉండవు, టేపే మేలు.

తిరిగేటప్పుడు ఒక్క కాలి మీద గిర్రున తిరగొద్దు, అర్ధచంద్రంలా నాలుగైదు అడుగుల్లో తిరగాలి. నడిచేటప్పుడు చేతిలో చెంబు, ఫోన్ ఉండకూడదు. నీళ్లు తాగేటప్పుడు దగ్గొస్తుంటే గడ్డం ఛాతీవైపు కాస్త వంచి చిన్న గుక్కలు తాగమనండి. తగ్గకపోతే మింగే పరీక్ష చేయించండి, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

పొదిలి_వాసి:
ఒక చిన్న మాట, కనిగిరి, పొదిలి వైపువాళ్లకి. ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే బిగుతుని పార్కిన్సన్స్ అనుకోవడం, దీన్ని అదనుకోవడం రెండూ జరుగుతాయి. ఫ్లోరోసిస్‌లో వెన్ను, మెడ నొప్పితో గట్టిపడతాయి, ఎక్స్‌రేలో ఎముక దట్టంగా కనిపిస్తుంది, విశ్రాంతిలో వణుకు ఉండదు. పార్కిన్సన్స్ మాత్రం మామూలుగా ఒక పక్క మొదలవుతుంది, ఎక్కువమందికి చేయి ఒడిలో పెట్టుకున్నప్పుడే వణుకుతుంది.

పార్కిన్సన్స్ 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది. సదరం (వైకల్యం శాతం తేల్చే) పరీక్షకి సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకోండి. మాత్ర పనిచేస్తున్న గంటలో మాత్రమే చూస్తే వైకల్యం తక్కువగా కనిపిస్తుంది, పాత చీటీలు, ఆ వీడియోలు కూడా తీసుకెళ్లండి.