పార్క్ రిసార్టులో భోజనాలకు ముందే కట్టేయాలా?

గుత్తిరోడ్డు (అనంతపురం): దసరా సెలవులకు బెంగళూరు పక్క పార్క్ రిసార్టుకు (నీళ్లాటల పార్కు, పక్కనే ఉండను రూములు) పోతున్నాం, రెండు రాత్రులు. మేమిద్దరం, పిల్లలు ఆరేళ్లు, పదకొండేళ్లు, మా అత్త. టిఫిన్ ఒక్కటే ఉండే సీపీ, మూడు పూటలా ఉండే ఏపీ అని రేట్లు చూపిస్తోంది. ఏపీ కట్టేయమంటారా? అత్తకు షుగర్, రాత్రి ఏడుకల్లా తినాలి.

కారందోశ_కడప: వద్దన్నా. పోయిన వేసవిలో వేరే రిసార్టులో మూడు పూటలకూ కట్టి ఏడ్చినాం. మధ్యాహ్నం భోజనం పార్కులో పెట్టరు, రిసార్టు హాలుకే రావాలి. తడిబట్టల్లో పిల్లల్ని గేటు దాకా లాక్కొచ్చి, లాకరు తీసి, బట్టలు మార్చి పోయేసరికి రెండుంబావు. పప్పు అడుగంటింది, పూరీలు అట్టల్లా ఉన్నాయి. రెండోరోజు ఆ భోజనం వదిలేసి పార్కులోనే కొనుక్కున్నాం. కట్టిన డబ్బు పైసా వెనక్కి ఇవ్వలేదు.

తుంగభద్ర77 (కర్నూలు): పదేళ్లు హోటల్ రిసెప్షన్‌లో చేసినవాణ్ని, నా మాట వినండి. పార్కుకు పోయేవాళ్లకు ఎంఏపీ చాలు. టిఫిన్, ఇంకో పూట భోజనం. ఆ పూట రాత్రిదేనని బుకింగ్‌లోనే రాయించుకోండి. లెక్క రాత్రులను బట్టే ఉంటుంది, చెకౌట్ రోజు మధ్యాహ్నం మీ ఖర్చే.

పెన్నఒడ్డు: చిన్నోడికి ఐదేళ్లని చెప్పేయండి, చాలా చోట్ల ఐదేళ్ల దాకా ఫ్రీ. మేం ప్రతిసారీ అంతే.

టీచరమ్మ_అనంత: పిల్లల ముందే అబద్ధమా? మా ఆయన ఒకసారి ఇట్లాగే చెప్తే మా పాప కౌంటరు మీద చేతులు పెట్టి, ‘నాన్నా, నాకు ఏడేళ్లు కదా’ అనింది. ఆ రోజంతా నేను తల ఎత్తలేదు.

పెన్నఒడ్డు: రెండు ఇడ్లీలు తినే పిల్లోడికి రిసార్టు వాడు ప్లేటు డబ్బు గుంజడం మాత్రం న్యాయమా టీచరమ్మా?

తుంగభద్ర77: న్యాయం గురించి నువ్వు మాట్లాడకప్పా. ఆధార్ చూసి పట్టుకుంటే గొడవ, చూడకపోతే ఆడిట్‌లో ఆ తేడా మా జీతంలో కోసేవాళ్లు. రెండుసార్లు కట్టినా.

పెన్నఒడ్డు: అది మీ ఓనరు తప్పు, నా మీద పడతావేం?

ఓర్లాండో_తమ్ముడు (సొంతూరు ప్రొద్దుటూరు): ఇక్కడ డిస్నీ వరల్డ్‌లో వయసు లెక్క స్పష్టం. మూడు నుంచి తొమ్మిదేళ్ల దాకా పిల్లల రేటు, పది వస్తే పెద్దల రేటు. 2020లో ఆపిన డైనింగ్ ప్లాన్, అంటే భోజనాలకు ముందే కట్టేది, 2024 జనవరిలో మళ్లీ పెట్టారు. ఆ సంవత్సరం పెద్దలకు ఒక్కో రాత్రి బసకు క్విక్ సర్వీసుది (కౌంటర్లో తీసుకుని తినేది) 57.01 డాలర్లు, కూర్చొని తినే భోజనం కలిసినది 94.28. ప్లాన్‌లో భోజనాలకు కూపన్లలా క్రెడిట్లు ఇస్తారు, మిగిలినవి చెకౌట్ రోజు అర్ధరాత్రితో పోతాయి. మేం మిక్కీ పక్కకొచ్చి ఫొటో దిగే బఫేలకే క్రెడిట్లు వాడినాం, డబ్బు మిగిలింది. మామూలు బర్గర్లకు వాడితే గిట్టదు.

కారందోశ_కడప: అన్న అడిగింది బెంగళూరు పక్కది, నువ్వు డాలర్లు చెప్తావేం?

ఓర్లాండో_తమ్ముడు: సూత్రం ఒకటే అక్కా. ఖరీదైన పూటకే ప్లాన్.

బళ్లారిచౌరస్తా (కర్నూలు): ఏ ప్లాన్ తీసుకున్నా పొద్దున ఉగ్గాని, బజ్జీ పెట్టే రిసార్టు ఒక్కటీ కనపడలేదు. కార్న్‌ఫ్లేక్స్ ఎవరికి కావాలి? మా పిల్లలు టిఫిన్ దగ్గరే అలుగుతారు.

కారందోశ_కడప: ఉగ్గాని సరే, ఎర్రకారం పూసిన దోశ అడిగితే కెచప్ ఇచ్చినారు మాకు!

గుత్తిరోడ్డు: అత్త సంగతి ఒక్కరూ చెప్పలేదు.

టీచరమ్మ_అనంత: మన్నించు తమ్ముడూ. కట్టే ముందు ఫోన్ చేసి రాత్రి బఫే ఎన్నింటికి తెరుస్తారో అడుగు. మా అమ్మకూ షుగరే. ఒకచోట ఎనిమిదిన్నర దాకా మూత తీయలేదు, ఆమెకు చేతులు వణికినాయి. అప్పటినుంచి జొన్నరొట్టెలు పల్చగా కాల్చి గుడ్డలో చుట్టి తీసుకుపోతున్నా, చెనిక్కాయల పొడితో. పార్కులోకి బయటి తిండి రానివ్వరు, రూములోనే పెట్టుకో. అత్తకు రాత్రి ప్లేటు కట్టొద్దు.

గుత్తిరోడ్డు: సరే అక్కా, ఇప్పుడే ఫోన్ చేస్తా. చిన్నోడి వయసు ఆరనే రాయిస్తా.