సమస్యాపూరణం: చైత్రమందు హంస చలికిఁ బోయె

నిర్వాహకుడు: కళ్యాణి డ్యామ్ దగ్గర పక్షులు చూసే మిత్రులు ఈసారి వలస జాబితా పంపారు. గులాబీ గోరువంకలు రావిచెట్లు వదిలి మధ్య ఆసియా దారి పట్టాయట. అది చదువుతుంటే తట్టిన పాదం ఇది. వినగానే హంస చలికి చచ్చినట్టుంటుంది. ముందు మూడు పాదాలు చేర్చి అర్థం కుదిరేలా పూరించండి.

*చైత్రమందు హంస చలికిఁ బోయె*

పులికాట్ గట్టు:
నేలపట్టు చెరువు నీరెల్ల నింకంగ
మంచుకొండ దాఁటి మరలఁ దలఁచి
గూడు కట్టు కొఱకుఁ గొలఁకుల వెదకుచు
చైత్రమందు హంస చలికిఁ బోయె

చంద్రగిరి చకోరం: 'పోయె'ను చావు నుంచి తప్పించి ప్రయాణంలో పెట్టారు, చాలా బాగుంది గురువుగారూ. కానీ 'వెదకుచు' ద్రుతాంతం, అంటే చివర 'న్' దాగి ఉన్న మాట. దాని తర్వాత 'చ' 'జ'గా మారి 'జైత్రమందు' అని రావాలి, ఇచ్చిన పాదమే చెడుతుంది. 'గొలఁకుల నాశించి' అంటే సరి. ఇంకో మాట. నేలపట్టు అనగానే గూడబాతులే (పెలికాన్లు) గుర్తొస్తాయి. వాటి గూళ్లు అక్కడి చెట్ల మీదే కదా, మంచుకొండ దాకా ఎందుకు?

పులికాట్ గట్టు: 'మంచుకొండ దాఁటి' అన్నాక గూడబాతు ఎలా అవుతుంది సామీ? ఇది బార్ హెడెడ్ గూస్, తలమీద రెండు నల్లపట్టెల బాతు. ఏడు వేల మీటర్ల ఎత్తుకు కూడా లేచి హిమాలయాలు దాటి, టిబెట్ సరస్సుల దగ్గర గుడ్లు పెడుతుంది. పోయిన ఉగాది పద్యంలో పులికాట్ రాజహంసను (ఫ్లెమింగోను) సైబీరియా పంపింది మీరే. అది కచ్ రణ్‌లో బురదతో గూడు కట్టే పక్షి. ఉప్పునేల పక్షిని మంచులోకి తోలారు!

చంద్రగిరి చకోరం: ఆ పద్యంలో యతి అద్భుతమని అప్పుడు రాసిందీ మీరే.

పీలేరు పిట్ట: అన్నలిద్దరూ కాస్త ఆగండి, నాదీ చూడండి.

ఎండ మండుచుండ నీ తిరుపతిలోన
కొండ పిట్టఁ జూడఁ గోరుకొనుచు
హార్స్లి కొండ బస్సు నందుకొన్న వదిన
చైత్రమందు హంస చలికిఁ బోయె

చంద్రగిరి చకోరం: హంసను వదినను చేశావు, భలే! ఆ కొండ పిట్ట పసుపు గొంతు పిగిలిపిట్టే కదా? అది వలస పోదు. ఏడాదంతా ఆ రాతిగుట్టల్లోనే ఉంటుంది, కాబట్టి వదిన తప్పక చూస్తుంది.

పులికాట్ గట్టు: 'హార్స్‌లీ'లో దీర్ఘం ఎటు పోయింది తమ్ముడూ? ఏనుగు మల్లమ్మ కొండ అనే పాత పేరుతో మళ్లీ అల్లు.

పీలేరు పిట్ట: మదనపల్లె బస్టాండులో పిలిచేదే రాశానన్నా. పాత పేరు పెడితే గణాలు కుదరడం లేదు. మీ 'వెదకుచు' మాత్రం మార్చాల్సిందే. బాతు కొత్త కొలను వెతకదు, పాత చోటికే తిరిగిపోతుంది. 'ఆశించి' పక్షికీ సరిపోతుంది.

నిర్వాహకుడు: హకారానికి 'అందుకొన్న'లో అచ్చుతో యతి చెల్లింది. రెండో పూరణకే నా ఓటు. మొదటిదానిలో 'నాశించి' చేరుస్తున్నాను. రాజహంస సంగతి ఆ ఉగాది పద్యం కింద తేల్చుకోండి.